రెండు తాళాల వెనక మందు

మందు బడికి చేరింది గానీ బడి చేతికి అందలేదు. పోయినవారం కథ అక్కడే ఆగింది.

ఎందుకు తెప్పించారో కూడా గుర్తుండే ఉంటుంది. ఆకులు రాలే కాలంలో డాల్టన్ క్లైన్ అనే పిల్లవాడు, ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో పడిపోయాడు. నొప్పి మాత్ర అని ఎవరో ఇచ్చిన దాంట్లో ఫెంటనిల్ అనే ప్రాణాలు తీసే మత్తుమందు కలిసి ఉంది. అంబులెన్సు రాలేదని ఎవరూ అనలేరు. వచ్చింది. వాగు అవతల, రోడ్డుకడ్డంగా నిలిచిపోయిన బొగ్గు రైలు వెనక, ఎర్రదీపం తిప్పుకుంటూ నిలబడింది. రైలు కదిలేసరికి డాల్టన్ లేడు.

ఆ తర్వాత బడి నర్సు వాండా ఎస్టెప్ ఆరోగ్యశాఖ ఆఫీసు మెట్లు అరిగేలా తిరిగింది. డాక్టరు చేత అనుమతి సంతకం పెట్టించుకుంది. ముక్కులోకి కొట్టే నాలోక్సోన్ మందు పెట్టెలు తెచ్చింది. మత్తుమందు ఎక్కువై ఆగిపోయే ఊపిరిని వెనక్కి లాక్కొచ్చే మందు అది. స్కూలు బోర్డు వాదించీ వాదించీ ఒప్పుకుంది. కాకపోతే బోర్డు అధ్యక్షురాలు డెల్ఫా మలిన్స్ ఒక మెలిక పెట్టింది. బళ్ళో ఉన్న మిగతా మందుల్లాగే ఇదీ రెండు తాళాల వెనక ఉండాలి. బయటి బీరువా తాళంచెవి నర్సు దగ్గర. లోపలి ఉక్కుపెట్టె తాళంచెవి ప్రిన్సిపాల్ దగ్గర.

వాండా ఒక్కతే మూడు బళ్ళు చూసుకుంటుంది. ఈ సంగతి బోర్డులో తెలియనివాళ్ళు లేరు.

*

బుధవారం సాయంత్రం, బస్సులు వెళ్ళిపోయాక, టాన్‌బార్క్ హైస్కూలు భోజనాల హాల్లో శిక్షణ పెట్టారు. టీచర్లు, వంటవాళ్ళు, బస్సు నడిపేవాళ్ళు అంతా కలిసి పది పన్నెండు మంది వచ్చారు.

మా లోయలో నలుగుర్ని పిలిచి తిండి పెట్టకుండా పంపటం మర్యాద కాదు. చావుకైనా అంతే, బోర్డు మీటింగుకైనా అంతే. ఆఫీసులో పనిచేసే ఓనా బ్లెవిన్స్ పొద్దున్నే కరెంటు కుండలో చిక్కుడుగింజలు పడేసి వచ్చింది. మొక్కజొన్న రొట్టె ఇనప మూకుడుతో సహా తెచ్చింది. ఫుట్‌బాల్ కోచ్ గార్లాండ్ సైజ్‌మోర్ రెండోసారి వడ్డించుకుంటుంటే చూసి, "గార్లాండూ, ఇది శిక్షణ. పెళ్ళి కాదు," అంది.

"శిక్షణే గనక తింటున్నా. పెళ్ళయితే నీ వంట ఎవరు పెట్టనిస్తారు?" అన్నాడు గార్లాండ్.

నవ్వారు. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. డాల్టన్ పోయిన దగ్గర్నించీ గార్లాండ్ హాస్యాలాడుతుంటే మాకెవరికీ సుఖంగా ఉండటం లేదు. ఆ రోజు రైలు కదిలేదాకా పిల్లవాడి గుండె మీద చేతులు తియ్యకుండా నొక్కినవాడు అతనే. ఆ తర్వాత ఆ గదిలోకి మళ్ళీ పోలేదు. పిల్లలతో బయట పచ్చికలోనే మాట్లాడి పంపేస్తున్నాడు.

డెల్ఫా మలిన్స్ చివరి బల్ల దగ్గర కూర్చుంది. జుట్టు నున్నగా దువ్వి ముడి, మడమల దాకా లంగా, ఒళ్ళో పెద్ద నల్ల చేతిసంచి, దాని మీద రెండు చేతులు. ఆ హాల్లో సగంమందికి చిన్నప్పుడు ఆదివారం బడిలో బైబిలు చెప్పిన మనిషి. వాండాకీ చెప్పింది. చర్చి అలవాటు చొప్పున అందరూ ఆవిడని సిస్టర్ అంటారు. మనవరాలు షెల్బీ పదో తరగతి. సాయంత్రం పిల్లని తీసుకెళ్ళటానికి ఎట్లాగూ బడికి రావాలి. పనిలో పనిగా, తన షరతు సరిగ్గా నడుస్తోందో లేదో చూసిపోదామని కూర్చుంది. తినమంటే తినలేదు. ఓనా ఒక పళ్ళెం తెచ్చి ముందర పెడితే, దాని మీద కాగితపు రుమాలు కప్పి పక్కకి జరిపింది.

వాండా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మందు లేని నమూనా గొట్టాలు తలొకటి పంచింది. బొటనవేలంత తెల్లటి ప్లాస్టిక్కు, ముక్కులో పెట్టే మొన, కింద నొక్కే మీట.

"ముందు భుజం పట్టుకుని గట్టిగా కుదపండి. పేరు పెట్టి పిలవండి. పలక్కపోతే, పెదాలు నీలంగా ఉంటే, గురక లాంటి చప్పుడొస్తుంటే, ఆలోచించొద్దు. ఒకళ్ళు అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి. ఒకళ్ళు మందు తెండి. తల వెనక్కి వంచి, మొన ముక్కులోకి పూర్తిగా పెట్టి, మీట నొక్కెయ్యండి. అంతే. ఆ తర్వాత ఊపిరి ఊదుతుండండి. రెండు మూడు నిమిషాల్లో లేవకపోతే రెండో గొట్టం, రెండో ముక్కుపుటంలో."

"వాళ్ళు వేసుకున్నది ఆ మత్తు కాకపోతే?" అడిగాడు ప్రిన్సిపాల్ డ్వైట్ రాట్లిఫ్. ఆయనకి అన్నిటికంటే పెద్ద భయం వకీళ్ళంటే.

"కాకపోతే ఏమీ కాదు డ్వైట్ గారూ. మేలు చెయ్యదు, కీడు చెయ్యదు."

"లేచాక?"

"లేచాక తిడతారు. చెయ్యి విసురుతారు. వాంతి చేసుకుంటారు. మీరేదో తప్పు చేశారన్నట్టు చూస్తారు. మనసులో పెట్టుకోకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. లేచారు కదాని ఇంటికి పంపొద్దు. ఈ మందు పట్టు కాసేపే ఉంటుంది. అది దిగిపోయాక, లోపలున్న విషం మళ్ళీ ఊపిరి ఆపొచ్చు. ఆసుపత్రికి పోవాల్సిందే."

చివరి బల్ల దగ్గర డెల్ఫా చేతిసంచి ఒళ్ళో సర్దుకుంది.

అంతలో గార్లాండ్ తన చేతిలోని నమూనా గొట్టాన్ని దీపానికేసి ఎత్తి చూసి, గాల్లోకి ఒక నొక్కు నొక్కాడు. చుట్టూ చూస్తే ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా అదే చేశారు. తప్పు పట్టటానికి లేదు. వసంతంలో పుప్పొడి, ఏడాది పొడుగునా బొగ్గు దుమ్ము. మా ఇళ్ళల్లో కిటికీ గట్టు మీద ముక్కుదిబ్బడ మందు లేని కొంప ఉండదు. ఆ మందు గాల్లోకి ఓసారి కొట్టి, వస్తుందో లేదో చూసుకుని, అప్పుడు ముక్కులో కొట్టుకోవటం పాలు తాగే వయసు నుంచీ చూసి నేర్చుకున్న అలవాటు. అది మా చేతులకే తెలుసు, తలకాయతో పనిలేదు.

"అయిపోయింది," అంది వాండా.

"ఏవిటి అయిపోయింది? ఇంకా పెట్టనేలేదు," అన్నాడు గార్లాండ్.

"నిజం గొట్టమే అయితే, నీ చేతిలో ఉన్నది ఇప్పుడు ఉత్త ప్లాస్టిక్కు. దీంట్లో ఒక్క నొక్కే ఉంటుంది. వస్తుందో లేదో చూశావనుకో, వచ్చేసింది, గాల్లో కలిసింది. పిల్లకి ఏం పెడతావు?"

గార్లాండ్ గొట్టాన్ని బల్ల మీద పెట్టాడు. పెట్టి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. వాండా ఇంకోటి తీసి అతని ముందు పెట్టి, అరచేత్తో బల్ల మీద ఓసారి తట్టింది.

"సరే అమ్మాయ్," అంది డెల్ఫా వెనకనుంచి. గొంతు పెద్దది చెయ్యలేదు, ఆ గొంతుకి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. "నేర్పించావు, బాగుంది. ఇక గోడ సంగతి ఎత్తవు గదా?"

గోడ సంగతంటే అందరికీ తెలుసు. భోజనాల హాలు గుమ్మం పక్కన, ఆగిన గుండెని కొట్టించే యంత్రం ఒక గాజు పెట్టెలో వేలాడుతూ ఉంటుంది. తాళం లేదు. తలుపు తీస్తే గంట మోగుతుంది, అంతే. నాలోక్సోన్ కూడా అక్కడే ఉండాలని వాండా మొదట్నించీ అంటోంది.

"ఎత్తను సిస్టర్ డెల్ఫా."

"ఎందుకంటున్నానో నీకు తెలుసు. అది అక్కడ వేలాడుతుంటే రోజూ అన్నానికొచ్చే పిల్లలు దాన్ని చూస్తారు. ఏవనుకుంటారు? పడితే లేపేవాళ్ళున్నారు, ఇంకేం భయం అనుకుంటారు. భయం ఉండాలమ్మా పిల్లలకి. మన దగ్గర మిగిలిందల్లా అదొక్కటే."

"డాల్టన్‌కి భయం లేదంటారా?" అన్నాడు గార్లాండ్.

"నేను డాల్టన్ మాటెత్తలేదు."

"నేనెత్తాను."

డ్వైట్ గొంతు సవరించుకున్నాడు. "బోర్డు తీర్మానం అయిపోయింది. ఇప్పుడెందుకు మళ్ళీ..."

"ఎందుకూ లేదు," అంది వాండా. "ఆ తీర్మానం ప్రకారమే ఒకసారి చేసి చూద్దాం. నేర్చుకున్నది చెయ్యకుండా ఇంటికి పోతే రేపటికి మర్చిపోతారు." అని బల్లల మధ్య ఖాళీలోకి నడిచింది. మెడలో తాడుకి వేలాడే తాళంచెవుల గుత్తిని చొక్కాలోకి దోపుకుంది. "ఇవాళ కాదు, నిన్న అనుకోండి. నిన్న మధ్యాహ్నం అన్నాల వేళ. నేను ఎవరి పిల్లనో ఒక పిల్లని. పడిపోయాను. ఊపిరి ఆడటం లేదు. కానివ్వండి."

చెప్పి, నేల మీద వెల్లకిలా పడుకుంది. చేతులు రెండు పక్కలా వదిలేసింది. కళ్ళు మూసుకుంది.

నవ్వొచ్చే సంగతే, ఇంత వయసు మనిషి అట్లా పడుకుంటే. ఎవరూ నవ్వలేదు.

ఓనా లేచింది. "అమ్మాయ్, అమ్మాయ్" అని భుజం పట్టుకుని కుదిపింది. బాగానే చేసింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "అంబులెన్సు, టాన్‌బార్క్ హైస్కూలు" అంది. అప్పుడే, ఎవరో పిలిచినట్టు, బయట బొగ్గు రైలు కూత వేసింది. కిటికీ అద్దాలు సన్నగా అదరటం మొదలుపెట్టాయి. బస్సు డ్రైవరొకాయన లోగొంతుకతో, "వచ్చింది మహాతల్లి," అన్నాడు.

"డ్వైట్, మందు," అంది ఓనా.

డ్వైట్ జేబు తడుముకుని తాళంచెవి తీశాడు. నడవాలో నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగాడు. "నాది లోపలి పెట్టెది. బీరువాది వాండా దగ్గరుంది."

ఓనా వంగి వాండా మెడలోని తాడు పట్టుకోబోయింది.

"నేనిక్కడ లేను ఓనా," అంది వాండా, కళ్ళు తెరవకుండానే. "నిన్న నేను కొండ అవతల చిన్నపిల్లల బళ్ళో ఉన్నాను. పేలు చూస్తున్నాను."

ఓనా చెయ్యి గాల్లోనే ఆగింది.

"నిజంగా అయితే బీరువా బద్దలుకొడతాం," అన్నాడు డ్వైట్.

"దేంతో కొడతావు? అది చెప్పు ముందు," అంది ఓనా.

"ఏదో ఒకటి దొరుకుతుంది."

"అది ఇనప బీరువా డ్వైట్. కిందటేడు తాళంచెవి పోతే ముగ్గురు మగాళ్ళు, ఒక గునపం, సగం పూట పట్టింది. నువ్వు పక్కన నిలబడి కాఫీ తాగావు."

డ్వైట్ నడవాలోకి పరుగెత్తాడు. బీరువా తలుపు గుంజుతున్న చప్పుడు వినపడింది. ఇనప చప్పుడు, మళ్ళీ ఇనప చప్పుడు. పాపం, ఆయన నాటకం ఆడటం లేదు. ఆ తలుపు ఊడొస్తుందేమోనని నిజంగానే గుంజుతున్నాడు.

గార్లాండ్ వచ్చి వాండా తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచాడు. ఊపిరి ఊదబోయి, ఆగిపోయి, అరచెయ్యి నేల మీద ఆనించుకున్నాడు.

"నేల ఇంతే చల్లగా ఉంది ఆ రోజు కూడా," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేదు. చెయ్యటానికేమీ లేదు. పెట్టెలు నడవా చివర్లో ఉన్నాయి, కొత్తవి, కాలం తీరనివి, ఊరంతా కొట్లాడి తెచ్చుకున్నవి. మనుషులు ఇక్కడున్నారు, వాడటం వచ్చినవాళ్ళు. మధ్యలో వాండా పడి ఉంది. గోడ గడియారం కింద నిలబడిన వంటామె ముఖం తిప్పుకుంది. రైలు పెట్టె వెనక పెట్టె పోతూనే ఉంది. చివరికి అదీ పోయింది. అప్పుడు తెలిసింది బడి ఎంత ఖాళీగా ఉందో. పైన తరగతుల్లోంచి కూడా చిన్న అలికిడి లేదు.

ఆ నిశ్శబ్దంలో టక్కుమని చప్పుడైంది.

డెల్ఫా చేతిసంచి నోరు తెరుచుకుంది. ఆవిడ లేచి, బల్లలు పట్టుకుంటూ వచ్చింది. నొప్పి మోకాళ్ళని ఒకదాని తర్వాత ఒకటి వంచుకుంటూ వాండా పక్కన కూలబడింది. చేతిలో చేతిరుమాలు చుట్టిన పొట్లం ఉంది. రుమాలు విప్పి, లోపలున్నదాన్ని వాండా గుండెల మీద పెట్టింది.

వెనక కాగితం అంటించిన తెల్లటి ప్లాస్టిక్కు అర, దాంట్లో గొట్టం. నాలోక్సోన్.

"లే అమ్మాయ్," అంది. "ఇక చాలు. లే."

వాండా కళ్ళు తెరిచింది. పడుకునే, గుండెల మీదున్న దాన్ని తలెత్తి చూసింది. ఓనా రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. నడవాలోంచి చెమటలు కక్కుతూ వచ్చిన డ్వైట్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"సిస్టర్ డెల్ఫా," అన్నాడు గార్లాండ్, "ఇది మీ దగ్గరెందుకుంది?"

"క్లైడ్ కోసం."

క్లైడ్ మలిన్స్ ఆవిడ భర్త. గనిలో కప్పు కూలి నడుం విరిగిన మనిషి. చర్చిలో మొదటి వరస చివర్న, దిండు వేసుకుని కూర్చుంటాడు.

"డాక్టరు రాసిచ్చిన మాత్రలే. దొంగతనంగా ఏమీ కొనటం లేదు. కాకపోతే నొప్పి ఎక్కువైనప్పుడు వేసుకున్నది మర్చిపోయి మళ్ళీ వేసుకుంటాడు. రాత్రుళ్ళు ఆయన ఊపిరి వింటూ పడుకుంటాను. మందుల షాపు కొండ అవతల ఉంది చూడండి, అక్కడ మనవాళ్ళెవరూ పనిచెయ్యరు. అక్కడికి పోయి తెచ్చుకున్నాను. అప్పట్నుంచీ ఈ సంచి లేకుండా గడప దాటలేదు. చర్చిక్కూడా. బోర్డు మీటింగులకి కూడా." ఆగింది. "మీరందరూ ఓటేసిన రోజు కూడా ఇది నా ఒళ్ళోనే ఉంది."

గార్లాండ్‌కి కోపం రావాల్సిన చోటు అది. వచ్చిందో లేదో గానీ, అతను అడిగింది మెల్లగానే అడిగాడు. "మరెందుకండీ తాళాలు?"

"గోడ మీద పెట్టమని నేనంటే ఏమంటారు? డెల్ఫాకెందుకింత పట్టింపు అంటారు. ఆ ఎందుకు అనే మాట మా గుమ్మం దాకా వస్తుంది. మా అమ్మాయి మర్లా పోయినప్పుడు పేపర్లో ఏమని వేయించానో మీరంతా చదివారు. హఠాత్తుగా, ఇంట్లో, అని వేయించాను."

మా పేపర్లో ఆ రెండు మాటలూ పక్కపక్కన పడితే, పోయింది మత్తుమందు వల్లనేనని మాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. తెలిసినా గుండెపోటన్నట్టే తల ఊపి, వాళ్ళింటికి అన్నాలు పట్టుకుపోతాం. మర్లాకి కూడా అట్లాగే పట్టుకుపోయాం. ఆ అమ్మాయి కూతురే షెల్బీ.

"నేను పట్టుకుపోయిన గిన్నె ఇంకా మీ ఇంట్లోనే ఉంది," అంది ఓనా. అనాలనుకున్నది అది కాదు, నోటికి అదొచ్చింది. అని, వంగి డెల్ఫా భుజం మీద చెయ్యి వేసింది.

"తెచ్చిస్తాలే." డెల్ఫా చెంపలు తుడుచుకోలేదు. "డ్వైట్, ఆ తాళాలు తీయించు. రేపు పొద్దున బస్సులు వచ్చేసరికి అవి గుండె యంత్రం పక్కన ఉండాలి."

"సిస్టర్, తీర్మానం..."

"తీర్మానం పెట్టించింది నేను, తీయించేదీ నేనే. ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పు. ఎందుకని అడిగితే నా దగ్గరికే పంపు, చెబుతాను." వాండా వైపు తిరిగింది. "ఇప్పుడున్నావా నువ్వు ఇక్కడ? తాళంచెవి ఇవ్వు."

వాండా లేచి కూర్చుని, మెడలోని తాడు తీసి ఓనా చేతికిచ్చింది. ఓనా, డ్వైట్ నడవాలోకి వెళ్ళారు. మిగతావాళ్ళు పళ్ళేలు తియ్యటంలో పడ్డారు. ఇట్లాంటప్పుడు చేతులకి పని దొరకటం ఎంత మేలో. గార్లాండ్ చిక్కుడుగింజల కుండ ఎత్తుకుని వంటింట్లోకి పోయాడు. చాలా రోజుల తర్వాత అతని నడకలో కోచ్ కనిపించాడు.

నేల మీద ఆడవాళ్ళిద్దరే మిగిలారు.

"ఇది మీరు దగ్గర పెట్టుకోండి," అని వాండా ఆ ప్లాస్టిక్కు అరని తిరిగివ్వబోయింది. ఇవ్వబోతూ, నర్సు చేతులు కదా, కాలం తీరిందేమో చూద్దామని వెనక్కి తిప్పింది.

చూసి, ఇంకా దగ్గరగా పెట్టుకుని చూసింది.

వెనక కాగితం ఒక మూలనుంచి ఊడదీసి ఉంది. మళ్ళీ అంటించారు. పారదర్శకమైన టేపుతో, అంచు అంచుకి కలిపి, ఎంతో ఓపిగ్గా. బొటనవేలితో నొక్కి చూసింది. లోపల గొట్టం మీట పూర్తిగా లోపలికి దిగిపోయి ఉంది.

"సిస్టర్ డెల్ఫా." గొంతు తగ్గించింది. "మీరు కూడా ఓసారి కొట్టి చూశారా? గార్లాండ్ లాగా? వస్తుందో లేదోనని?"

"ఏవిటి?"

"ఇది ఖాళీది. వాడేసిన గొట్టం."

డెల్ఫా తీసుకుని చూసింది. టేపు అంచు మీద గోరు పెట్టింది. "నేను కాగితం కూడా విప్పలేదే. షాపులో ఇచ్చింది ఇచ్చినట్టు రుమాల్లో చుట్టాను."

"పెట్టెలో రెండుంటాయి కదా."

"రెండోది బండిలో పెట్టాను. అది మొన్నకూడా చూశాను, బాగానే ఉంది." మాట మధ్యలోనే ఆవిడ నెమ్మదించింది. "ఈ సంచి నాతోనే ఉంటుంది అమ్మాయ్. ఇంట్లో ఉన్నప్పుడు వంటింటి కుర్చీకి తగిలిస్తాను. ఒక్క..."

వాండా ఆవిడ వైపు ఇంకొంచెం జరిగింది.

"ఒక్క పోయిన శనివారం. పాటల సాధనకి పోతూ తీసుకోవటం మర్చిపోయాను. సగం దారిలో గుర్తొచ్చింది. ఎంతసేపులే అని వెనక్కి పోలేదు. తిరిగొచ్చేసరికి..." చేతిలోని దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "వచ్చేసరికి షెల్బీ దుప్పట్లు ఉతుకుతోంది. కడుపులో బాగాలేదు అమ్మమ్మా, వాంతయింది అంది. ముఖం సున్నంలా ఉంది. అల్లం సోడా ఇచ్చి పడుకోబెట్టాను."

"క్లైడ్ గారు?"

"క్లైడ్ ఆ రోజంతా నా ముఖంలోకి చూడలేదు. మోకాళ్ళు రెండూ గీరుకుపోయి ఉన్నాయి. ఏవయిందంటే కుర్చీ తగిలిందన్నాడు." డెల్ఫా మాటలు ఇప్పుడు ఒక్కొక్కటే వస్తున్నాయి. "క్లైడ్‌కి మోకాళ్ళ మీద కూర్చోవటం రాదు వాండా. ప్రార్థనకి కూడా కూర్చోలేడు. ఆయన మోకాళ్ళు నేలకి తగలాలంటే, పడాలి. లేకపోతే ఎవరన్నా నేల మీద పడి ఉండాలి."

వంటింట్లో నీళ్ళ చప్పుడు. నడవాలో బీరువా తలుపు కీచుమని తెరుచుకుంది.

"ఆయన మాత్రల సీసా ఎక్కడుంటుంది?"

"మంచం పక్కన బల్ల మీద," అంది డెల్ఫా. "తాళం లేదు."

"అప్పుడు పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు," అంది వాండా, తనలో తను అనుకుంటున్నట్టు. "ఎవరికీ చెప్పలేదు." లేచి నిలబడింది. ఆవిడకి చెయ్యి అందించి లేపింది. "షెల్బీ ఇప్పుడెక్కడుంది సిస్టర్?"

"పైన. బ్యాండు సాధనలో. రోజూ బడయ్యాక ఉంటుంది, నేనే వచ్చి తీసుకెళ్తాను. క్లారినెట్ వాయిస్తుంది గదా."

ఓనా గుమ్మంలోకి వచ్చింది. చేతుల్లో కొత్త మందు పెట్టె ఉంది. గెలిచిన కప్పులా పట్టుకుని వస్తోంది. ఆ ఆఖరి మాట విని, ఆగి, డెల్ఫా వైపు చూసింది.

"బ్యాండెక్కడిది సిస్టర్? బ్యాండు మాస్టారి భార్య కానుపు కదా. ఆయన నెలరోజులుగా బడికి రావటం లేదు. పైన గదులన్నీ నేనే తాళం వేస్తున్నాను. ఒక్క ఆడపిల్లల బాత్‌రూం తప్ప."

ముగ్గురూ పైకప్పు వైపు చూశారు. పైనుంచి చిన్న అలికిడి లేదు.

వాండా ఓనా చేతుల్లోంచి పెట్టె లాక్కుంది. పైకాగితం నడుస్తూనే చింపింది, మెట్లు పరుగెత్తుతూ ఎక్కింది. వెనక డెల్ఫా, జబ్బ మీద సంచి లేకుండా, నొప్పి మోకాళ్ళతో, మనవరాల్ని పేరు పెట్టి పిలుస్తూ వస్తోంది.

మెట్ల పైన, మూసిన బాత్‌రూం తలుపు కిందనుంచి దీపం వెలుగు కనిపించింది. వాండా భుజంతో నెట్టింది. తలుపు కొంచెం తెరుచుకుని, అవతల నేల మీద ఉన్న దేనికో తగిలి ఆగిపోయింది.